గుంజాల అక్షరాలకు డేటాబేసులో చోటెక్కడ?

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాలలో గోండుల వంశగాథలు పాడే పర్ధాన్లు తరతరాలుగా కొన్ని చేతిరాత ప్రతులు దాచుకున్నారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిలో డజను దాకా వెలుగులోకి తెచ్చారు. ఆ రాత తెలుగు కాదు, నాగరీ కాదు, గోండీ భాషకే సొంతమైన లిపి. అవి సుమారు 1750 నాటివని అంచనా వేశారు. పందొమ్మిదో శతాబ్దపు రాంజీ గోండు తిరుగుబాటు ఊసు కూడా వాటిలో ఉందంటే, రాయడం ఆ తర్వాతా ఆగలేదన్నమాట.

ఆ లిపి ఊరు దాటి రాలేదు. 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండుల ఊరు మార్లవాయిలో గోండీ చదువు మొదలైనప్పుడు వాచకాలను నాగరి లిపిలోనే వేశారు. నిజాం కచేరీ కాగితాల్లో ఉర్దూ, ఆ తర్వాత తెలుగు. ఊరి పేరైనా మనిషి పేరైనా రాసే అధికారి లిపిలోకి ఒదగాల్సిందే.

కంప్యూటర్‌లోకి దారి, ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంకేతాన్నిచ్చే యూనికోడ్ వేసింది. గోండీకి మరో లిపి కూడా ఉంది. దాన్ని మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో రూపొందించారు. అది 2017లో యూనికోడ్‌లో చేరింది. గుంజాల లిపి కోసం అన్షుమన్ పాండే 2015లో ప్రతిపాదన రాశారు. 2018 జూన్‌లో 63 సంకేతాలతో అదీ చేరింది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు చాలు, గుంజాల సంకేతానికి నాలుగు కావాలి. విరివిగా వాడే డేటాబేసు మైఎస్‌క్యూఎల్‌లో ఏళ్ల తరబడి ‘యుటిఎఫ్8’ పేరుతో నడిచింది మూడు బైట్ల వరకే తీసుకునేది. నాలుగు బైట్లవి పట్టే ‘యుటిఎఫ్8ఎంబి4’ 2010లో వచ్చినా, అడగకుండానే అమలయ్యేది 2018 నాటి 8.0 వెర్షన్ నుంచే. ఒకే సమాచారానికి నాలుగు చోట్ల నకళ్లుంటే, ఒక్క నకలు పాత పద్ధతిలో ఉన్నా చాలు. కఠిన నియమాలుంటే అక్కడ రాత ఆగిపోతుంది. నియమాలు సడలించి ఉంటే మొదటి గోండీ అక్షరం దగ్గరే పేరు తెగిపోతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

సమాచారం సంగతి అది. పట్టికలకు పెట్టే పేర్ల విషయంలో తలుపు ఇప్పటికీ మూసే ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో పట్టికకు తెలుగు పేరు పెట్టుకోవచ్చు, గుంజాల లిపిలో కుదరదు. మరో డేటాబేసు పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది గానీ పేరును 63 బైట్లకు కుదిస్తుంది, అంటే తెలుగులో 21 సంకేతాలు, గుంజాల గోండీలో 15. గుణింతాలూ వాటిలో లెక్కే. అనేక యంత్రాల మీద నడిచే కసాండ్రా డేటాబేసు ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడుగు గీత తప్ప మరేదీ పట్టిక పేరుగా తీసుకోదు. అక్కడ తెలుగుకూ చోటు లేదు.

గూడేల రికార్డులకు కొత్త వ్యవస్థ కట్టే ఇంజినీర్లకు ఒక విన్నపం. పట్టికల పేర్లు ఆంగ్లంలోనే ఉండనివ్వండి. కానీ మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఉండే ప్రతి గడినీ, ప్రతి నకలునూ నాలుగు బైట్లకు సిద్ధం చేయండి. ప్రజలకు అప్పగించే ముందు ఒక గుంజాల అక్షరం రాసి, అన్ని చోట్లా అది అలాగే నిలిచిందో లేదో చూడండి.