కర్రి వాటా

గేటు మెల్లగా తీయండి. గొళ్లెం చప్పుడైందంటే లోపల ఇద్దరూ లేస్తారు. చెప్పులు అక్కడ విడవకండి, పిట్టగోడ మీద పెట్టండి. ఎందుకని అడక్కండి, సాయంత్రానికి మీకే తెలుస్తుంది.

తెల్లారగట్ల ఐదు దాటింది. ధనుర్మాసం. గోదావరి మంచు రాజమండ్రి శివారు దాకా పాకొచ్చి, మా వీధి చివరి కరెంటు స్తంభాన్ని నడుం దాకా మింగేసింది. గుడి మైకు గొంతు సవరించుకుంటోంది. ఇప్పుడే వాకిలి చిమ్మి కళ్లాపి చల్లాను. పేడనీళ్ల వాసన కొత్తయితే ఒక్క నిమిషం ఓర్చుకోండి, తరవాత అదే బాగుంటుంది. నేల మరీ తడిగా ఉంటే ముగ్గు ముద్దకడుతుంది, పూర్తిగా ఆరితే గాలికి లేచిపోతుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న కాసేపే మనది.

ఈ డబ్బా పట్టుకోండి. ఇవాళ 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. నడిమి వరసలో 15 పెట్టి, వాటి సందుల్లో 14, ఆ సందుల్లో 13, అలా అటూ ఇటూ 8కి దిగాలి. మొత్తం 169. కాగితం మీద లెక్క కట్టక్కర్లేదు, 170వ చుక్క పెట్టమంటే నడుము ఒప్పుకోదు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్యనుంచి పిండి ఎంత సన్నగా జారితే చెయ్యి అంత తిరిగిందన్నమాట. ముగ్గు గొట్టాలు, జల్లెడలు, గడపకి అంటించే స్టిక్కర్లు బజార్లో బోలెడు దొరుకుతున్నాయి. కొనుక్కునేవాళ్ల మీద నాకు కోపం లేదు గానీ, స్టిక్కరు అంటించేశాక ఇంత పొద్దున్నే వాళ్లకి వాకిట్లోకి రావడానికి వంక ఏముంటుందా అనిపిస్తుంది.

ఆగండి. కదలకండి. వచ్చేశాడు.

కర్రి. నల్లగా, ఒక చెవి నిలబెట్టి ఒక చెవి వాల్చి. ఊరకుక్కే. ఓ వానాకాలం రాత్రి మా అరుగు కిందికి దూరాడు, మళ్లీ వెళ్లలేదు. ముందుకాళ్లు చాపి, వెన్ను వంచి, ఆవలించి, సరిగ్గా 12 చుక్కల వరస మీద చుట్టచుట్టుకున్నాడు. వెనకాలే జున్ను, తెల్లటి బొచ్చుముద్ద. పామేరియన్ అని ఇచ్చారు. పెరిగాక అదే జాతో తేల్చుకోవడం మేమే మానేశాం.

"ఒరేయ్ కర్రీ! లేరా అక్కణ్ణుంచి!" వంటింట్లోంచి అమ్మ కేక. ఆవిడకి 74 ఏళ్లు. వాడెక్కడ పడుకున్నాడో చూడక్కర్లేదు.

వాడు లేవడు. మా వాకిట్లో తొలి ఎండ పడే చోటు అదే. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్నట్టు, ఎండ రావడానికి గంటన్నర ముందే వాడలా పడుకుని చోటు ఆపుకుంటాడు. వాణ్ణి లేపి ముగ్గేసి, కుదురుగా లేని ఆ ముగ్గు మీంచి మళ్లీ వాణ్ణి లేపి... రెండు శీతాకాలాలు అలా గడిచాక నేనే దారికొచ్చాను. మెలికల ముగ్గు మానేశాను. మెలిక చుక్కల చుట్టూ తిరిగి తిరిగి మొదలైన చోటికే రావాలి, నడిమధ్య తెగితే మళ్లీ అందుకోవడం కష్టం. పూలముగ్గయితే ఆ ఇబ్బంది లేదు. వాడి కింద ఉన్న రేకు బాకీ పెట్టి, లేచాక తీర్చేయొచ్చు. ఆ బాకీకి అమ్మ పెట్టిన పేరు కర్రి వాటా.

జున్ను వాటా వేరు. ఒకసారి చీమలకీ పిచ్చుకలకీ పెట్టినట్టుంటుందని పట్టుపట్టి అచ్చంగా బియ్యప్పిండితో వేశాను. లోపలికెళ్లి కాఫీ కలుపుకుని వచ్చేసరికి అది ఈశాన్యం మూల మొదలుపెట్టి శ్రద్ధగా నాకేసుకుంటూ పోతోంది. మూతి నిండా పిండి, వాకిట్లో చుక్కలు మాత్రం. ఆ రోజునుంచీ ముగ్గురాయి పిండే వాడుతున్నాం. చీమలకి చక్కెర విడిగా, గోడ వారగా.

తెల్లారింది, కుండీల దగ్గరికి రండి. ఈ చెంబుతో కనకాంబరాల ఎండిన కంకుల మీద నాలుగు చుక్కలు చల్లి, చెవి ఒగ్గండి. టప్... టప్. తడి తగిలితే ఆ కాయలు పగిలి గింజల్ని దూరంగా విసురుతాయి. చూశారా, జున్ను తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఒక గింజ ముక్కు మీద తగిలేసరికి నాలుగడుగులు వెనక్కి దూకి మొరుగుతోంది. రోజూ ఇదే భాగవతం. రోజూ దానికి కొత్తే.

గన్నేరు కోసం వెతుకుతున్నారా? తీసేశాం. పూజకి మంచి పువ్వే, కానీ ఆకు నుంచి కాండం దాకా విషం. ఏది దొరికినా నమిలిచూసే జీవాలున్న ఇంట్లో దాన్ని ఉంచకూడదు. ఈ తవ్వి పోసిన మట్టి మాత్రం కర్రి చలవ. చేమంతులకి ఎముకల పొడి వేశాను. మొక్కకి భాస్వరం, వాడి ముక్కుకి విందు. లోపల ఎక్కడో బొమిక ఉందని వాడి గట్టి నమ్మకం. ఇప్పుడు పొడి వేసిన కుండీల మీద చిల్లపెంకులు పరుస్తున్నాను. ఆ చివరి కుండీ ఒక్కదానికీ ఇంకా మొగ్గలే ఉన్నాయి కదా, అందులో వాడి తప్పు లేదు. చేమంతి రాత్రులు పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం వెలుగు దాని మీదే పడుతోంది, పాపం దానికి రాత్రి ఎప్పుడయిందో తెలీలేదు. నర్సరీలవాళ్లు ఇదే కిటుకుతో రాత్రిళ్లు బల్బులు వెలిగించి పూతని కావాలనే వెనక్కి నెడతారు. మాది చేతగానితనం, వాళ్లది వ్యాపారం.

ఎనిమిదింటికి సైకిలు గంట. కడియపులంక పూలమార్కెట్ నుంచి వచ్చే బుట్ట. అరకిలో బంతి, అరకిలో చేమంతి తీసుకున్నాం. కనకాంబరాలు మన చెట్టువే. అరుగు మీద కూర్చోండి. అమ్మ నారంచు కాలి బొటనవేలికి చుట్టేసింది. అరటినార నీళ్లలో నానితేనే పువ్వుని కొయ్యకుండా పట్టుకుంటుంది. రెండు పూలు అటు, రెండు పూలు ఇటు, కాడలు కలిపి నార ఒక చుట్టు, లోపలినుంచి ఒక మెలి, లాగడం. మీరు కట్టి చూడండి. పర్లేదు, మొదటి జానెడు అందరిదీ ఊడిపోతుంది.

"పిన్నిగారూ, నాకో మూర ఉంచండి," ఎదురింటావిడ గోడ మీంచి అడుగుతోంది.

"నా మూరా, నీ మూరా?" అంటుంది అమ్మ. మోచేతినుంచి నడిమివేలి కొస దాకా మూర. పూలమ్మేవాళ్ల చెయ్యి ఎందుకో అందరికన్నా పొట్టి.

అమ్మ దృష్టిలో పువ్వంటే కనకాంబరమే. బంతి మూలం మెక్సికో వైపు, చేమంతిది చైనా. ఇది మాత్రం మన దక్షిణాదిదీ శ్రీలంకదీ. వాసన లేదని ఎవరన్నా తీసిపారేస్తే ఊరుకోదు. "వాసన సాయంత్రానికి పోతుంది, రంగు రేపటికీ ఉంటుంది," అంటుంది. జున్నుకి ఈ వాదం పట్టదు. దాని చూపంతా పసుపు బంతి మీదే. కుక్కల కంటికి ఎరుపూ ఆకుపచ్చా వేరుగా కనబడవు, పసుపూ నీలమూ తెలుస్తాయి. అందుకేనేమో ఇంత గుట్టలో ఏరి ఏరి... ఇదిగో, పట్టుకుపోయింది. మీరు లేవకండి, వెంటపడితే ఆటనుకుంటుంది. అమ్మ ముందే పది బంతులు ఎక్కువ తూయించింది లెండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు కాసేపు మాట్లాడదు. కర్రి గడప మీద, జున్ను ఫ్యాను కింద. అమ్మ ఒళ్లో వైరు బుట్ట, అడుగు పూర్తయి గోడలు లేస్తోంది. ఆకుపచ్చ వైరు, బిగుతు ముడి. ఇలాంటి బుట్టతో మా వీధిలో కూరలు తేని ఇల్లు లేదు. ఆవిడ అమ్మదు, అడిగితే ఇస్తుంది, అడక్కపోయినా ఇస్తుంది. ఒక్క కునుకు పట్టింది ఆవిడకి. అంతే. వైరు కొస పంటితో పట్టి జున్ను పెరట్లోకి ఉరికింది. తులసికోట చుట్టూ మూడు చుట్లు, కుర్చీ కాళ్ల మధ్యనుంచి ఒకటి, దండెం గుంజకి ఒకటి. విప్పేసరికి వైరు నాలుగు చోట్ల నలిగింది, ఒక చోట తెగింది.

నేను తిట్టబోతే అమ్మ చెయ్యెత్తింది. తెగిన చోట వైరుని వేళ్లతో కొలిచి, "ఇక్కడికి వచ్చేసరికి పచ్చ చాలదే. పసుపుతో ఒక అంచు తిప్పేస్తాను," అంది. తిప్పేసింది. మా వీధిలో ఆవిడ బుట్టలు పోల్చడం తేలిక, ఎక్కడో ఒకచోట సంబంధం లేని రంగు గీత ఒకటుంటుంది. అది కావాలని వేసిన డిజైనని ఎదురింటావిడ ఇప్పటికీ అనుకుంటుంది. మీరూ చెప్పకండి.

చీకటి పడుతోంది. పాత డైరీలో రేపటి ముగ్గు గీసుకుంటున్నాను. సరి చుక్క, 15 నుంచి 1 వరకు. వరసకి రెండేసి తగ్గుతాయి కాబట్టి మూల కోసుగా వస్తుంది, కర్రి పడుకునే చోటికి దాదాపు అందదు. వాడు వచ్చి డైరీ మీద గడ్డం ఆన్చాడు, చూస్తున్నాడో కునుకుతున్నాడో.

బయల్దేరుతున్నారా? పూలు తీసుకోండి. మూరన్నర ఉంది, అమ్మ మూరే. చెప్పులు గోడ మీద పెట్టమన్నాను కదా. ఒకటే కనబడుతోందా? కంగారుపడకండి, ఆ చివరి చేమంతి కుండీ వెనక మట్టి కొత్తగా కప్పినట్టు ఉంటుంది, అక్కడ చూడండి.