పిట్స్‌బర్గ్: కొండెక్కే పెట్టెలు, కూలే వంతెనలు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి పిట్స్‌బర్గ్ అంటే ముందు గుర్తొచ్చేది వెంకటేశ్వరస్వామి గుడి. డౌన్‌టౌన్ నుంచి గుడికి బయల్దేరితే స్క్విరెల్ హిల్ సొరంగం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని గోవిందా అనుకోవాల్సిందే. ఆ తిట్టుకోవడం పక్కన పెట్టి, అసలు ఆ ఊరికి ఇన్ని సొరంగాలూ, 400 పైచిలుకు వంతెనలూ ఎందుకొచ్చాయో చూస్తే భలే కథ ఉంది.

అల్లెఘెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోటు అది. మధ్యలో కాస్త చదును నేల, ఏటికి అవతల నిటారు కొండ. ఇప్పుడు మౌంట్ వాషింగ్టన్ అంటారు గానీ పాత పేరు కోల్ హిల్, అంటే బొగ్గు కొండ. మిల్లులు కింద, కూలీల ఇళ్ళు పైన. రోజూ మెట్లెక్కి దిగలేక చచ్చేవాళ్ళు. 1870లో మొనాంగహేలా ఇంక్లైన్, 1877లో డ్యూకేన్ ఇంక్లైన్ వచ్చాయి.

సింగరేణి వైపు వాళ్ళకి ఇంక్లైన్ అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే గని (గోదావరిఖనిలో 8 ఇంక్లైన్ కాలనీ అని పేటే ఉంది). ఇక్కడేమో కొండెక్కే రైలుపెట్టె. అయినా ఇక్కడ కూడా ముందు బొగ్గు దించడానికే వాడారు, మనుషులు తర్వాత! బావి గిలకకి రెండు చేదలు కట్టినట్టే, ఒక పెట్టె దిగుతుంటే రెండోది ఎక్కుతుంది. ఇంజను లాగాల్సింది ప్రధానంగా రెండింటి బరువుల తేడానే. ఎంత తెలివైన డిజైనో చూడండి.

తర్వాత కార్లొచ్చాయి. 1924లో అదే కొండ కింద దాదాపు 1.8 కిలోమీటర్ల లిబర్టీ సొరంగం తెరిచారు, గాలి ఆడించే ఫ్యాన్లు లేకుండానే! మన భాషలో చెప్పాలంటే లోడ్ టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లోకి తోసేశారు. ఆ మే నెలలో ట్రామ్ కార్మికులు సమ్మె చేస్తే అందరూ కార్లేసుకుని సొరంగంలోకి వచ్చారు. జామ్ అయింది, పొగకి జనం సొమ్మసిల్లి పడిపోయారు. ఫ్యాన్లు ఆ తర్వాతే వచ్చాయి.

కార్ల దెబ్బకి ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1962లో రిపేరుకి డబ్బుల్లేక డ్యూకేన్ కూడా ఆగిపోయింది. కొండ మీది జనం ఊరుకోలేదు, చందాలెత్తి 1963లో మళ్ళీ నడిపించారు. పాత చెక్క పళ్ళ చక్రంతో అది ఇప్పటికీ తిరుగుతోంది.

తమాషా ఏంటంటే, అదే 1963లో ప్రభుత్వం ఫోర్ట్ డ్యూకేన్ వంతెన కట్టి, అవతలి ఒడ్డున కలిపే రోడ్డు లేక గాల్లో వదిలేసింది. 1964లో ఒక విద్యార్థి అడ్డుకట్టలు దాటించి కారుతో సహా చివర్నుంచి దూకాడు. కారు తల్లకిందులైంది, అతనికేం కాలేదు. వంతెన తెరిచింది 1969లో.

అన్నిసార్లూ అదృష్టం మీద బండి నడవదు కదా. 2022 జనవరి 28న ఫెర్న్ హాలో వంతెన బస్సుతో సహా కూలిపోయింది. మౌలిక సదుపాయాల గురించి మాట్లాడ్డానికి అధ్యక్షుడు బైడెన్ ఊళ్ళోకొచ్చిన రోజే! ఎవరూ చనిపోకపోవడం ఆశ్చర్యమే. దర్యాప్తులో తేలిందేంటంటే, నీళ్ళు పోయే కాలవలు పూడుకుపోయి ఉక్కు కాళ్ళు తుప్పుపట్టాయి. బాగు చెయ్యమని తనిఖీ రిపోర్టులు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాయి, నగరపాలక సంస్థ పట్టించుకోలేదు. కొత్త వంతెన మాత్రం అదే ఏడాది డిసెంబరులో తెరిచేశారు. కూలాక డబ్బులు దొరికాయి మరి.