బాదుషా కిచిడీ – బీదవాని కిచిడీ

మన వికారాబాదు, తాండూరు ప్రాంతాల ముస్లిం ఇళ్ళలో పొద్దున నాష్తాకు కిచిడీ అంటే కొత్తగా చెప్పవలసిన పని లేదు. పక్కన ఖట్టా, కాల్చిన పాపడ్, కాస్త అచార్, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న రోజైతే ఖీమా. రంజాన్ నెలలో సహరీకి కూడా చాలా ఇళ్ళలో ఇదే. రోజూ తినే తిండికి చరిత్ర ఏముంటుందిలే అనుకుంటాం. బిర్యానీ గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళు కూడా కిచిడీ గురించి ఒక్క ముక్క చెప్పరు. కాని పాత గ్రంథాలు తిరగేస్తే ఈ గిన్నెడు తిండి మనకు నేర్పే పాఠం చిన్నది కాదని తెలుస్తుంది.

మొరాకో దేశం నుంచి బయలుదేరిన ఇబ్న్ బతూతా 1333లో హిందూదేశం చేరి, ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశాడు. ఇక్కడి జనం పెసలను బియ్యంతో ఉడికించి నెయ్యి వేసుకొని తింటారనీ, దానిని కిష్రీ అంటారనీ, ప్రతి ఉదయం ఇదే వారి నాష్తా అనీ ఆయన చెప్పాడు. తమ మగ్రిబ్ దేశంలో హరీరా ఎలాగో ఇక్కడ కిచిడీ అలాగ అని పోల్చాడు కూడా. అంటే ఏడు వందల సంవత్సరాల కిందటే ఇది పొద్దుటి తిండి అన్నమాట.

అయితే కిచిడీ ముస్లింలు వెంట తెచ్చిన వంట కాదు. బియ్యం, పప్పు కలిపి వండే పద్ధతి ఈ నేలది. సంస్కృతంలో కృసరం అన్నా, మన తెలుగువాళ్ళు పులగం అన్నా మూలం ఒక్కటే. సంక్రాంతి రోజుల్లో పొరుగింటివాళ్ళు పెసరపప్పుతో పులగం వండితే, మనం మసూర్ పప్పుతో కిచిడీ వండుతాం. వాళ్ళు చింతపండు, ఉల్లిగడ్డ, నువ్వులపొడితో పచ్చిపులుసు చేస్తే, మనం దాదాపు అవే సరుకులతో ఖట్టా చేస్తాం. పేర్లు రెండు, పొయ్యి ఒక్కటే.

ఇక మన పక్కనే ఉన్న బీదరు సంగతి చూద్దాం. వికారాబాదు జంక్షనులో రైలెక్కితే దిగే ఆ బీదరు, ఒకప్పుడు బహమనీ సుల్తానుల రాజధాని. 1470 ప్రాంతంలో అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు అమ్మకానికి ఒక గుర్రాన్ని వెంటబెట్టుకొని ఈ దేశం వచ్చి, జున్నార్, బీదరు పట్టణాలు చూశాడు. ఇక్కడ గుర్రాలకు కిచిడీ వండి, చక్కెర, నూనె కలిపి పెడతారని రాసుకున్నాడు. నవ్వు రావచ్చు. కాని ఆ రోజుల్లో సముద్రం దాటి వచ్చిన గుర్రం అంటే అపురూపమైన సొత్తు. ఖరీదైన జంతువుకు బలమైన మేత పెట్టారు, అంతే.

అక్బరు బాదుషా వంటశాల లెక్క అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో దొరుకుతుంది. బియ్యం 5 సేర్లు, పప్పు 5 సేర్లు, నెయ్యి 5 సేర్లు, ఉప్పు సేరులో మూడో వంతు. గమనించండి, బియ్యం ఎంతో నెయ్యీ అంతే! ఆయన కుమారుడు జహంగీరు గుజరాతు పోయినప్పుడు అక్కడి సజ్జల కిచిడీ రుచి చూసి, మాంసం ముట్టని రోజుల్లో తనకు తరచుగా అదే తెమ్మని హుకుం ఇచ్చినట్టు స్వయంగా రాసుకున్నాడు.

అదే 17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే మరో కిచిడీని చూశాడు. బియ్యం, పప్పు, నీళ్ళు, ఉప్పు. తినేటప్పుడు కరిగించిన నేతిలో వేళ్ళు ముంచుకుంటారు. సిపాయీలకూ పేదలకూ మామూలు తిండి ఇదేనన్నాడు. బాదుషా గిన్నెలో 5 సేర్ల నెయ్యి, సిపాయి గిన్నెలో వేలికి అంటినంత నెయ్యి. తేడా అంతవరకే. అడుగున ఉన్న బియ్యం, పప్పు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

మన ఊళ్ళ చరిత్రలోనూ ఈ రెండు వైపులూ ఉన్నాయి. వికారాబాదుకు పేరిచ్చిన నవాబు వికారుల్ ఉమ్రా పాయెగా అమీరు. 1893 నుంచి 1901 దాకా నిజాం సంస్థానానికి ప్రధానమంత్రి. ఫలక్‌నుమా కట్టించిన దొర. మరో పక్క తాండూరు చూస్తే నాపరాతి గనుల్లో చెమటోడ్చే కూలీలు, నల్లరేగడిలో కంది వేసే రైతులు. 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న ఈ తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఇంత మంచి కందిపప్పు చేతిలో ఉండగా కిచిడీకి మసూర్ పప్పు ఎందుకని కొందరు అడుగుతుంటారు. కందిపప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. మసూరు, పెసర బియ్యంతోపాటే ఉడుకుతాయి. అందుకే కందిపప్పు ఖట్టీ దాల్‌కు పోయింది, మసూరు కిచిడీకి వచ్చింది. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు. అరగంట నానబెట్టాలి. ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, షాజీరా, నాలుగు లవంగాలు వేగాక పసుపు, ఉప్పు వేసి, ఆరు గ్లాసుల నీళ్ళు మరిగించి, బియ్యం, పప్పు పోసి సన్నసెగ మీద దమ్ము పెడితే చాలు. జబ్బు మనిషికైతే ఇంకో మూడు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా దించుతాం.

వైద్యులు చెప్పేది కూడా వినదగినది. మాంసకృత్తుల్లో ఉండే లైసిన్ బియ్యంలో తక్కువ, పప్పులో ఎక్కువ. మెథియొనిన్ అనేది పప్పులో తక్కువ, బియ్యంలో ఉంది. ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. పేదవాడి గిన్నెలో ఇంతటి కూర్పు ఉండటం దేవుడి దయ, మన తాతముత్తాతల తెలివి.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఈనాడు మన దావతుల తీరు చూస్తుంటే బాధ కలుగుతున్నది. ఎన్ని రకాలు వడ్డిస్తే అంత గౌరవం అనుకుంటున్నాం. ఆడపిల్ల పెళ్ళికి తండ్రి అప్పుచేసి దేగులకు దేగులు దించుతున్నాడు. సగం పళ్ళేలలోనే మిగిలిపోతున్నది. వడ్డీ మాత్రం ఏళ్ళ తరబడి నడుస్తున్నది. “కిచిడీ పెట్టి సరిపుచ్చాడు” అంటారేమోనన్న భయం ఒక్కటే దీనికంతటికీ కారణం.

హిందూదేశాన్ని ఏలిన జహంగీరే కిచిడీని అడిగి తెప్పించుకున్నప్పుడు మనకు నామోషీ ఎందుకు? వలీమాకు ఒక రకం తగ్గించి, ఆ డబ్బుతో ఒక వితంతువు ఇంటికి నెలకు సరిపడా బియ్యం, పప్పు పంపితే ఆ దావత్ ఏ నవాబు దావత్‌కూ తీసిపోదు. మన సంఘం పెద్దలూ, యువకులూ ఈ సంగతి ఆలోచించి, రాబోయే పెళ్ళిళ్ళ నుంచే మొదలుపెడతారని ఆశిద్దాం.