పదవి ఒకరిది, పని ఒకరిది

స్త్రీల చదువు గురించి చరిత్ర రాసేటప్పుడు మనం తరచుగా గుమ్మం దగ్గరే ఆగిపోతుంటాం. ఏ కాలేజీ ఏ సంవత్సరంలో ఆడవాళ్ళని చేర్చుకుంది, మొదటి పట్టభద్రురాలెవరు, మొదటి లాయరెవరు - ఇవే మన లెక్కలు. తలుపు తీశారు కాబట్టి అన్యాయం తీరిపోయిందన్నట్టు కథ అక్కడితో ముగిసిపోతుంది. లోపలికి వెళ్ళిన అమ్మాయితో ఎవరు మాట్లాడారు, విద్యార్థి సంఘంలో ఆమెకి చోటుందా, ఉంటే అది కుర్చీయా, చాకిరీయా? ఈ ప్రశ్నలకి అడ్మిషన్ రిజిస్టర్లు జవాబు చెప్పవు. ఆత్మకథలు చెబుతాయి.

నా డాక్టరేటు సాహిత్యంలో. న్యాయశాస్త్రం నా రంగం కాదు. స్త్రీల ఆత్మకథలు చదివే క్రమంలోనే పౌలీ ముర్రే నాకు పరిచయమైంది. అమెరికన్ నల్లజాతి న్యాయవాది, కవి, చివరి దశలో ఎపిస్కోపల్ చర్చిలో ప్రీస్టు. 1985లో చనిపోయింది. ఆత్మకథ ఆ తర్వాత, 1987లో వచ్చింది. అందులో ఆమె లా చదువుకున్న రోజుల గురించిన భాగం చదివాక, విద్యార్థి సంఘాల పదవుల్ని నేను అంత తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

అమెరికాలో లా చదువు తరగతి గదిలో సగమే జరుగుతుంది. మిగతా సగం సంఘాల్లో జరుగుతుంది. అక్కడ పేరున్న న్యాయ పత్రికల్ని నడిపేది ప్రొఫెసర్లు కాదు, విద్యార్థులే. వ్యాసాలు ఎంచేదీ, దిద్దేదీ వాళ్ళే. మూట్ కోర్టులు, విద్యార్థుల సొంత న్యాయస్థానాలు, 'ఫ్రటర్నిటీ'లనే సోదర సంఘాలు - వీటిలో పదవి చేసినవాళ్ళకి పెద్ద జడ్జీల దగ్గర క్లర్కు ఉద్యోగాలు, పెద్ద లా సంస్థల్లో అవకాశాలు సులువుగా అందుతాయి. అంటే ప్రవేశం మొదటి గుమ్మమైతే, సంఘం రెండో గుమ్మం. ఈ రెండో గుమ్మానికి చట్టాలు ఉండవు. ఆనవాయితీ ఉంటుంది, అంతే.

ముర్రే 1941లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయం లా స్కూల్లో చేరింది. నల్లవాళ్ళ కోసం పెట్టిన విద్యాసంస్థ అది. స్త్రీలకి అక్కడ ప్రవేశం కొత్తేమీ కాదు. అమెరికాలో మొదటి నల్లజాతి మహిళా న్యాయవాది షార్లెట్ రే 1872లో పట్టా తీసుకున్నది అక్కడే. కక్షిదారులు రాక ఆమె చివరికి ప్రాక్టీసు వదిలేసి బడిపంతులమ్మ అయింది. అది వేరే విషాదం. తలుపు తెరుచుకుని డెబ్భై ఏళ్ళయ్యాక వచ్చిన ముర్రేకి ఏం ఎదురైంది? మొదటి రోజే ఒక ప్రొఫెసరు, ఆడవాళ్ళు లా స్కూలుకి ఎందుకొస్తారో తనకి అర్థం కాదన్నాడు. తరగతంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వు తెల్లవాళ్ళది కాదు. తనతోపాటు అదే జాతి వివక్షని అనుభవించిన మగవాళ్ళది.

కొన్నాళ్ళకి నోటీసు బోర్డు మీద ఒక ఆహ్వానం కనిపించింది. మొదటి సంవత్సరం 'మగ విద్యార్థులందరినీ' ప్రొఫెసర్ లియాన్ రాన్సమ్ ఇంట్లో జరిగే 'స్మోకర్'కి పిలుస్తున్నారు. స్మోకర్ అంటే చుట్టలు కాల్చుకుంటూ కబుర్లు చెప్పుకునే మగవాళ్ళ విందు. పేరుకది విందే గానీ, అసలు ఉద్దేశం ఒక న్యాయ సోదర సంఘంలోకి కొత్త సభ్యుల్ని ఎంచుకోవడం. రాన్సమ్ అల్లాటప్పా మనిషి కాదు, పౌరహక్కుల కేసుల్లో పేరు మోసిన న్యాయవాది. ముర్రే ఆయన్నే వెళ్ళి అడిగింది. కావాలంటే ఆడవాళ్ళు తమకొక సంఘం పెట్టుకోవచ్చు కదా అని ఆయన నవ్వుతూ అన్నాడు. తరగతిలో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఒక్కతే కూర్చుని ఎవరితో సంఘం పెట్టుకోవాలి?

జాతి వివక్ష చట్టాలకి అమెరికాలో 'జిమ్ క్రో' అనే వెటకారపు పేరుండేది. తనకి ఎదురైన ఈ రెండో వివక్షకి ముర్రే 'జేన్ క్రో' అని పేరు పెట్టింది. మనకి కష్టాలకి కొదవ లేదు, వాటికి పేర్లే ఉండవు. పేరు లేని అవమానాన్ని మనం స్వభావమనో, అతిగా ఆలోచించడమనో అనుకుని మింగేస్తాం. ఒక్క మాటతో ఆమె దాన్ని వ్యక్తిగత బాధ నుంచి వ్యవస్థ లక్షణంగా మార్చేసింది.

ఆమె జవాబు మాటతోనే ఆగలేదు. తరగతిలో అందరికన్నా ముందు నిలిచింది. చివరి సంవత్సరంలో 'కోర్ట్ ఆఫ్ పీర్స్'కి ప్రధాన న్యాయమూర్తిగా ఎన్నికైంది. హోవార్డ్‌లో అంతకన్నా పెద్ద విద్యార్థి పదవి లేదు. విందుకి పిలుపు దొరకని విద్యార్థిని ఆ స్థానంలో కూర్చుంది.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆమె పదవి కాదు, పదవితో పెద్దగా సంబంధం లేని బాధ్యత. 1943 జనవరిలో రూత్ పావెల్, మేరియాన్ మస్‌గ్రేవ్, జువానిటా మారో అనే ముగ్గురు హోవార్డ్ విద్యార్థినులు ఒక దుకాణంలో హాట్ చాక్లెట్ అడిగారు. తెల్లవాళ్ళ దగ్గర తీసుకునే ధర కన్నా ఎక్కువ వేసి బిల్లు ఇస్తే, మామూలు ధరే బల్ల మీద పెట్టి బయటికొచ్చారు. పోలీసులు వాళ్ళని జైలుకి తీసుకెళ్ళారు. దీంతో విద్యార్థుల పౌరహక్కుల కమిటీ కదిలింది. యుద్ధం రోజులవి, మగపిల్లలు సైన్యంలోకి పోతున్నారు. కమిటీ పని చాలావరకు ఆడపిల్లల మీద పడింది. లా విద్యార్థిని ముర్రే వాళ్ళ సలహాదారు. చట్టం ఏం చెబుతోంది, పోలీసులు ఏ నేరం మోపగలరు, ఎక్కడ జాగ్రత్తపడాలి - ఇవి చూసి చెప్పే పని ఆమెది.

1943 ఏప్రిల్‌లో లిటిల్ ప్యాలెస్ అనే ఫలహారశాలకి విద్యార్థులు చిన్న చిన్న గుంపులుగా వెళ్ళారు. వడ్డించం అంటే ఖాళీ ట్రేలు పట్టుకుని బల్లల దగ్గర కూర్చుని పుస్తకాలు తెరిచారు. కేకల్లేవు, గొడవ లేదు. కొద్దిరోజుల్లోనే యజమాని దిగివచ్చాడు. 1944 ఏప్రిల్‌లో థాంప్సన్ రెస్టారెంట్లో మళ్ళీ అదే పద్ధతి. కొన్ని గంటల తర్వాత వడ్డించక తప్పలేదు. అంతలో విశ్వవిద్యాలయం అడ్డుపడింది. హోవార్డ్‌కి వచ్చే డబ్బులో పెద్ద భాగం అమెరికన్ కాంగ్రెసు ఇచ్చేదే. ఆ నిధులు పోతాయన్న భయంతో ఉద్యమం ఆపమన్నారు. వాషింగ్టన్‌లో ఇలాంటి వివక్షని నిషేధిస్తూ 1872, 1873లలో చేసిన చట్టాలున్నాయి. అవి అందరూ మర్చిపోయిన చట్టాలు. అవి ఇంకా చెల్లుతాయని 1953లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అదీ థాంప్సన్ రెస్టారెంట్ కేసులోనే. ఆ పోరాటానికి ముందు నిలిచింది మేరీ చర్చ్ టెరెల్ అనే వృద్ధురాలు. విద్యార్థినులు పరిచిన దారి వృథా పోలేదు.

ఈ ఖాళీ ట్రేల వెనక మనకి తెలిసిన ఊరొకటుంది. దండి యాత్రలో నడిచిన కృష్ణలాల్ శ్రీధరాణి అమెరికా వెళ్ళి 1939లో సత్యాగ్రహ పద్ధతి మీద పుస్తకం రాశాడు. అక్కడి నల్లజాతి ఉద్యమకారుల చేతుల్లోకి గాంధీ వెళ్ళిన దారుల్లో అదొకటి. ముర్రే అప్పటికే, 1940లో, వర్జీనియాలో బస్సు సీటు విషయంలో అరెస్టయినప్పుడు సత్యాగ్రహాన్ని ప్రయత్నించి చూసింది. అదే ఉప్పు సత్యాగ్రహం మద్రాసులో దుర్గాబాయిని జైలుకి పంపింది. బయటికొచ్చాక ఆమె చదువుకి తిరిగి వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి సీటు కుదరదన్నారు. చదువుకోవాలనుకునే ఆడపిల్లలు తనకి రాయమని పత్రికల్లో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్ళతో కలిసి హాస్టలు నడిపింది. 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుంది. ముర్రే హోవార్డ్‌లో చదువుతున్న రోజులే అవి. ఒకరి గురించి ఒకరికి తెలియదు. ఇద్దరూ చట్టాన్ని చదవక ముందే చట్టాన్ని ధిక్కరించారు. ఇద్దరి విద్యార్థి నాయకత్వమూ పదవితో మొదలవలేదు, ఎవరూ చెయ్యని పనిని నెత్తికెత్తుకోవడంతో మొదలైంది.

ఇక్కడే నాకొక పేచీ ఉంది. పదవి లేకపోయినా పని చేస్తారని స్త్రీలని పొగడటం మనకి బాగా అలవాటు. ఆ పొగడ్తలో మోసం ఉంది. పని చేసినవాళ్ళకి పదవి ఇవ్వకపోతే ఆ పని చరిత్రలోకి ఎక్కదు, ఆ అనుభవం తర్వాతి మెట్టుకి పనికిరాదు. పోనీ పదవి ఇస్తే సరిపోతుందా? ముర్రేకి పదవీ వచ్చింది, ప్రథమ స్థానమూ వచ్చింది. పైచదువుకి రోసెన్‌వాల్డ్ ఫెలోషిప్పు కూడా వచ్చింది. 1944లో హార్వర్డ్ లా స్కూలుకి దరఖాస్తు పెడితే, చేర్చుకోదగిన లింగం కాదని తిప్పి పంపారు. హార్వర్డ్‌లోనే చదువుకున్న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తరం రాసినా మారలేదు. ఆమె కాలిఫోర్నియాలో బర్క్‌లీకి వెళ్ళింది. తన లింగాన్ని మార్చుకోవడానికి అభ్యంతరం లేదు, దారే తెలియడం లేదని హార్వర్డ్‌కి ఆమె రాసిన జవాబు పైకి చతురోక్తిలా ఉంటుంది. పుట్టుకతో అంటగట్టిన స్త్రీత్వంలో తాను ఇమడలేకపోవడం గురించి ఆ రోజుల్లోనే ఆమె వైద్యుల చుట్టూ తిరిగిందని ఇప్పుడు మనకి తెలుసు. తెలిశాక ఆ చతురోక్తి చదివి నవ్వడం కష్టం.

హార్వర్డ్ లా స్కూలు 1950లో స్త్రీలకి తలుపు తీసింది. రెండో గుమ్మం? విద్యార్థులు నడిపే హార్వర్డ్ లా రివ్యూ 1887లో మొదలైంది. దానికి మొదటి మహిళా అధ్యక్షురాలు సుసాన్ ఎస్ట్రిచ్ ఎన్నికైంది 1976లో. మొదటి నల్లజాతి మహిళ ఇమేఇమే ఉమానా 2017లో. ప్రవేశానికీ ఆ కుర్చీకీ మధ్య మొదట ఇరవై ఆరేళ్ళు, తర్వాత మరో నలభై ఒక్క ఏళ్ళు. ఈ దూరమే నేను చెప్పదలచుకున్న రెండో చరిత్ర.

1968లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం లా స్కూల్లో రెండు సంఘాలు పుట్టాయి. ఒకటి ఎ.జె. కూపర్ స్థాపించిన నల్లజాతి న్యాయ విద్యార్థుల సంఘం. రెండోది విద్యార్థినులు పెట్టుకున్న స్త్రీల హక్కుల కమిటీ. రూట్-టిల్డెన్ అనే పెద్ద స్కాలర్‌షిప్పు అక్కడ మగవాళ్ళకే ఇచ్చేవారు, రేపటి ప్రజా నాయకుల్ని తయారుచేయడానికట! ఈ కమిటీ పోరాడి 1969లో దాన్ని స్త్రీలకీ తెరిపించింది. మొదటి సంఘం దేశమంతా పాకింది. కాలేజీ శాఖలు, వాటిపైన ప్రాంతీయ కమిటీలు, ఆపైన జాతీయ కమిటీ. ప్రాంతీయ కమిటీ సమావేశాలు జరపాలి, ఫ్రెడరిక్ డగ్లస్ పేరిట మూట్ కోర్టు పోటీలు పెట్టి గెలిచినవాళ్ళని జాతీయ పోటీకి పంపాలి. హాలు మాట్లాడటం, జడ్జీలకి ఉత్తరాలు రాయడం, డబ్బు లెక్క చూడటం, మినిట్స్ రాయడం - సంఘం బతికేది వీటి మీదే. వేదిక మీద ఉపన్యాసమిచ్చే అధ్యక్ష స్థానానికి ఎవరు, మినిట్స్ పుస్తకానికి ఎవరు అన్న ప్రశ్న ఏ దేశంలోనైనా, ఏ సంఘంలోనైనా అడగదగ్గదే. మన రచయితల సంఘాలతో సహా.

ఒకే ప్రాంగణంలో ఒకే ఏడాది పుట్టిన ఆ రెండు సంఘాల్లో నల్లజాతి విద్యార్థిని ఏ సమావేశానికి వెళ్ళాలి? ఒకచోట ఆమె స్త్రీత్వం, మరోచోట ఆమె జాతి బయట చెప్పుల దగ్గర వదిలిపెట్టి రావాల్సిందేనా? 1989లో కింబర్లీ క్రెన్‌షా ఈ చిక్కుముడికి సిద్ధాంత రూపం ఇచ్చింది. స్మోకర్ నోటీసు ముందు నిలబడినప్పుడే ముర్రేకి అది అర్థమైంది. మన దగ్గర దళిత స్త్రీలు స్త్రీవాద సభల్నీ దళిత సభల్నీ ఒకే ప్రశ్నతో నిలదీసినప్పుడు కొందరు నొచ్చుకున్నారు. ఆ ప్రశ్న సంఘాల్ని చీల్చడానికి కాదు, వాటి ఆహ్వాన పత్రికలు తిరగరాయడానికే.

ముర్రే 1965లో మేరీ ఈస్ట్‌వుడ్‌తో కలిసి జేన్ క్రో మీద ఒక న్యాయ వ్యాసం ప్రచురించింది. జాతి వివక్షకి వ్యతిరేకంగా వాడిన రాజ్యాంగ వాదాన్నే లింగ వివక్ష మీదా వాడవచ్చని అందులో వాదించింది. 1970లో రట్గర్స్ లా విద్యార్థినులు స్త్రీలు-చట్టం మీద పాఠం చెప్పమని తమ అధ్యాపకురాలిని అడిగారు. ఆ అధ్యాపకురాలు రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. ఆ మరుసటి ఏడాదే రీడ్ వర్సెస్ రీడ్ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. చనిపోయిన కొడుకు ఆస్తి వ్యవహారాలు చూసే బాధ్యత తల్లికా, తండ్రికా అన్నది తగాదా. అర్హత సమానమైతే మగవాళ్ళకే ఇవ్వాలని ఐడహో రాష్ట్ర చట్టం. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సమాన రక్షణ సూత్రం కింద లింగ వివక్ష చట్టాన్ని ఆ కోర్టు కొట్టేయడం అదే మొదటిసారి.

ఒక బాధ్యత ఎవరికి అప్పగించాలి అన్నదే అక్కడా అసలు ప్రశ్న. ఆ కేసులో సమర్పించిన వాదన పత్రం అట్ట మీద గిన్స్‌బర్గ్ పౌలీ ముర్రే పేరునీ డొరొతీ కెన్యన్ పేరునీ రచయితలుగా వేయించింది. ఆ పత్రం రాయడంలో వాళ్ళ చెయ్యి లేదు. అందులోని ఆలోచన మాత్రం వాళ్ళది. పని ఎవరిదో గుర్తించి వాళ్ళ పేరుని కాగితం మీద పెట్టడం కూడా నాయకత్వపు బాధ్యతే అని గిన్స్‌బర్గ్‌కి తెలుసు.