సరిహద్దు కాసిన మామూలు కంప్యూటర్

1986లో అమెరికాలోని ఆరు సూపర్‌కంప్యూటర్ కేంద్రాలను కలుపుతూ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ మొదలైంది. లైన్ల వేగం సెకనుకు 56 కిలోబిట్లు. ఏ ప్యాకెట్ ఎటు పోవాలో ఆ లైన్ల కొసల్లో కూర్చుని తేల్చినవి ఎల్‌ఎస్‌ఐ-11 అనే చిన్న కంప్యూటర్లు. వాటిలో నడిచింది డేవిడ్ మిల్స్ రాసిన 'ఫజ్‌బాల్' అనే సాఫ్ట్‌వేర్. రద్దీ పెరిగి లైన్లు కిక్కిరిసిపోయినప్పుడు, కీబోర్డు ముందు కూర్చుని జవాబు కోసం చూసేవాళ్ల ప్యాకెట్లను ముందుగా పంపే ఏర్పాటు ఆయన గుట్టుగా చేశారు. పెద్ద ఫైళ్లు కాసేపు ఆగేవి. సాఫ్ట్‌వేర్‌లో ఆలోచన మారితే రూటర్ నడత మారుతుందని ఆనాడే తేలిపోయింది.

నెట్‌వర్క్‌లు పెరిగేకొద్దీ ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒకరి నెట్‌వర్క్ ముగిసి మరొకరిది మొదలయ్యేచోట ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలి? 1989 జనవరిలో ఆస్టిన్ నగరంలో జరిగిన ఇంజనీర్ల సమావేశంలో సిస్కోకు చెందిన కిర్క్ లౌహీడ్, ఐబీఎమ్‌కు చెందిన యాకొవ్ రెఖ్టర్ భోజనాల దగ్గర కలుసుకున్నారు. చేతికందిన నాప్‌కిన్ల మీద ఓ ఒప్పందం గీసుకున్నారు. అదే బీజీపీ. "ఈ చిరునామాలకు నా గుండా దారి ఉంది" అని పొరుగు నెట్‌వర్క్‌కు చెప్పడమే దాని సారం. ఆ ఏడాది జూన్‌లో లిఖిత పత్రంగా వెలువడింది. నేటికీ ప్రపంచంలోని నెట్‌వర్క్‌ల సరిహద్దులన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

తర్వాతి పదేళ్లలో సరిహద్దు రూటర్ అంటే ప్రత్యేక చిప్‌లతో చేసిన ఖరీదైన పెట్టె అన్న నమ్మకం స్థిరపడింది. దానికి కారణమూ లేకపోలేదు. మామూలు కంప్యూటర్‌తో ప్రయత్నించినవాళ్లకు విచిత్రమైన అనుభవం ఎదురైంది. రద్దీ ఓ స్థాయి దాటితే యంత్రం నెమ్మదించడం కాదు, ఒక్క ప్యాకెట్‌నూ బయటికి పంపకుండా మొత్తంగా చేతులెత్తేసేది. ప్రాసెసర్ మాత్రం ఊపిరాడకుండా పనిచేస్తూనే ఉండేది.

ఈ ముడి విప్పినవాళ్లు జెఫ్రీ మొగుల్, బెంగుళూరు ఐఐఎస్‌సీలో చదివి వెళ్లిన కె.కె. రామకృష్ణన్. సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డుకు లారీలు బారులు తీరినప్పుడు, టిక్కీ దిగిన ప్రతిసారీ గుమస్తాను గేటు దగ్గరికి పిలిస్తే ఏమవుతుంది? పరుగులతోనే పొద్దు గడుస్తుంది, ఒక్క చీటీ కూడా రాయలేడు. ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌ను తట్టి లేపడంతో జరిగింది అదే. రద్దీ వేళ పిలుపులు ఆపేసి, గుమస్తాయే వీలు చూసుకుని వచ్చి దిగినవన్నీ ఒక్కసారే రాసుకోవాలని 1996లో ఆ ఇద్దరూ చూపించారు.

ఆ ఆలోచన లైనక్స్‌లోకి రావడానికి మరో ఐదేళ్లు పట్టింది. కెనడాలో జమాల్ హది సలీమ్, స్వీడన్‌లో రాబర్ట్ ఓల్సన్, రష్యాలో అలెక్సీ కుజ్నెత్సొవ్ కలిసి దాన్ని మలిచారు. ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఓల్సన్. ఉప్సల విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, ప్రయోగశాలలో కొలిచి ఊరుకోకుండా, నిజమైన మనుషుల ట్రాఫిక్ మోసే చోట లైనక్స్ రూటర్లు పెట్టారు. పెట్టాక రెండో చిక్కు బయటపడింది. ఒకసారి వెతికిన దారిని గుర్తుపెట్టుకుని మళ్లీ వాడుకోవడం లైనక్స్ అలవాటు. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌కు అది చక్కగా సరిపోతుంది. సరిహద్దులో అలా కుదరదు. అక్కడ ప్రతి క్షణం కొత్త చిరునామాలు వస్తుంటాయి, గుర్తుపెట్టుకున్నది అక్కరకు రాదు, పైగా ఆ జాబితాను శుభ్రం చేయడమే పెద్ద పని అవుతుంది. అందుకని ప్రతి ప్యాకెట్‌కూ కొత్తగా వెతికినా ఆలస్యం కాని పద్ధతి కావాలి. స్టెఫాన్ నిల్సన్, గున్నర్ కార్ల్‌సన్ అంతకుముందే ప్రతిపాదించిన చెట్టులాంటి అమరికను ఓల్సన్ బృందం 2005లో లైనక్స్‌లోకి తెచ్చింది. గుర్తుపెట్టుకునే పాత పద్ధతిని లైనక్స్ 2012లో పూర్తిగా తీసేసింది.

2014 ఆగస్టు 12న అనుకోని పరీక్ష ఎదురైంది. ఇంటర్నెట్ దారుల పట్టిక 5,12,000 దాటింది. అప్పట్లో విరివిగా వాడుతున్న కొన్ని పాత హార్డ్‌వేర్ రూటర్లలో దారులు దాచే చిప్ మెమరీకి పెట్టిన హద్దు దాదాపు అంతే. ప్రపంచమంతటా పలుచోట్ల ఇంటర్నెట్ తడబడింది. పట్టికను మామూలు ర్యామ్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్ రూటర్లకు ఆ హద్దే లేదు.

వేగం సంగతి కూడా అప్పటికే తేలుతోంది. 2012లో పీసా విశ్వవిద్యాలయానికి చెందిన లుయీజీ రిజ్జో, 900 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఒకే ప్రాసెసర్ కోర్‌తో సెకనుకు కోటీ 48 లక్షల ప్యాకెట్లు పంపి చూపించారు. అతి చిన్న ప్యాకెట్లతో 10 గిగాబిట్ లైన్ అంచు దాకా నిండితే పట్టేది అంతే. ఇంటెల్‌లో వెంకీ వెంకటేశన్ ఆధ్వర్యంలో, ప్యాకెట్లను వేగంగా నడిపే డీపీడీకే అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2016లో సిస్కో ఆ పనికే వాడే తన వీపీపీ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ తెరిచి ఇచ్చింది.

ఇప్పుడు ఒంగోలు లాంటి ఊళ్లో కేబుల్ టీవీ నుంచి ఇంటర్నెట్‌లోకి వచ్చిన ఆపరేటర్ సంగతి చూద్దాం. ఒకే కంపెనీ నుంచి బ్యాండ్‌విడ్త్ కొన్నంతకాలం ఆయనకు సరిహద్దు రూటర్ అక్కర్లేదు. అన్నీ అటే పంపేస్తే సరిపోతుంది. హైవే పక్కన తవ్వకాల్లో ఫైబర్ తెగి ఊరంతా ఫోన్లు మోగినప్పుడు రెండో దారి గుర్తొస్తుంది. ఒక లైన్ చెన్నై వైపు నుంచి, ఇంకొకటి హైదరాబాద్ వైపు నుంచి తీసుకుంటాడు. దేశంలో ఇంటర్నెట్ చిరునామాలు కేటాయించే ఐఆర్‌ఐఎన్‌ఎన్ దగ్గర, తన నెట్‌వర్క్‌కు గుర్తుగా ఉండే సొంత ఏఎస్ నంబరు, చిరునామాలు తెచ్చుకుంటాడు. రెండు 10 గిగాబిట్ కార్డులున్న సర్వర్ మీద లైనక్స్, దానిమీద బీజీపీ మాట్లాడే ఎఫ్‌ఆర్‌ఆర్ గానీ బర్డ్ గానీ పెడతాడు. బీజీపీ కుదిరిన క్షణాన తెరమీద పొరుగు నెట్‌వర్క్ పేరుకు ఎదురుగా ఓ అంకె కనబడి గబగబా పెరుగుతుంది. వేలు, లక్షలు దాటి, పది లక్షల దరిదాపుల్లో నిలుస్తుంది. ప్రపంచ పటమంతా కొద్ది నిమిషాల్లో ఆ పెట్టెలోకి చేరిపోతుంది.

నగరాల మధ్య టెరాబిట్లు మోసే చోట ప్రత్యేక చిప్‌లకు ఇప్పటికీ సాటి లేదు. ఊరి పొలిమేరకు మాత్రం ఈ సర్వర్ చాలు. అందులో దారులు వెతికే కోడ్ ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఆ ఫైలు మొదట్లో ఓల్సన్‌తో పాటు యెన్స్ లోస్, హాన్స్ లిస్ పేర్లుంటాయి. ఆ పేర్ల పక్కన ఉప్సలతో పాటు స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరూ ఉంటుంది.