గేమింగ్ ల్యాప్‌టాప్ - పంకా రొద

కంప్యూటరు ఆటలకు వీలుగా విడిగా గ్రాఫిక్స్ చిప్ అమర్చిన ల్యాప్‌టాప్‌ను గేమింగ్ ల్యాప్‌టాప్ అంటారు. ఆట నడిచేటప్పుడు దీని పంకాలు రొద చేస్తాయి. ఒకే గదిలో కొందరు చదువుకొనే, నిద్రించే ఇళ్ళలో ఇది పెద్ద ఇబ్బంది. కనుక కొనేముందే ఈ విషయాన్ని గమనించాలి.

'''రొదకు కారణం'''

చిప్‌లు వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని పంకాలు బయటకు నెడతాయి. గది వేడిగా ఉంటే చిప్‌కూ గాలికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం తగ్గుతుంది. అప్పుడు అంతే వేడిని తొలగించటానికి పంకాలు మరింత వేగంగా తిరగాలి. రంగారెడ్డి జిల్లాలోని జన్వాడ పరిసరాలలో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం కద్దు. అందువలన చల్లని గదులలో జరిపిన శబ్ద పరీక్షల ఫలితాలు ఇక్కడ యథాతథంగా వర్తించవు.

'''ఎంపిక'''

* '''వాట్లు:''' చిప్ పేరు ఒకటే అయినా అది వాడే విద్యుత్తు వేరు కావచ్చు. ఉదాహరణకు ల్యాప్‌టాప్‌లలోని ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 చిప్‌ను తయారీదారులు 35 నుండి 115 వాట్ల మధ్య అమర్చుతారు. తక్కువ వాట్లకు రొద తక్కువ, వేగమూ తక్కువే.
* '''మందం:''' వాట్లు సమానమైతే, పెద్ద పంకాలు పట్టే మందపాటి యంత్రం సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది.
* '''డెసిబెల్:''' 10 డెసిబెళ్ళు పెరిగితే చెవికి రొద దాదాపు రెట్టింపుగా తోస్తుంది.
* '''పంకా లేనివి:''' 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు పంకా లేదు. కాని ఎక్కువసేపు ఆడితే వేడెక్కి వేగం తగ్గుతుంది.

'''వాడకంలో జాగ్రత్తలు'''

సెకనుకు చూపే చిత్రాల సంఖ్యను 60కి పరిమితం చేస్తే చిప్‌పై భారం, దానితోపాటు రొద తగ్గుతాయి. ఎన్విడియా 2017లో ప్రకటించిన విస్పర్ మోడ్ ఈ సూత్రంపై ఆధారపడినదే. గాలి రంధ్రాలు మూసుకొనిపోకుండా ల్యాప్‌టాప్‌ను పరుపుపై కాక బల్లపై ఉంచాలి. పంకాలలో చేరే దుమ్మును అప్పుడప్పుడు తీయించాలి.