పెన్న ఒడ్డున ఒక పగలంతా

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో షట్టర్లు ఇంకా లేవలేదు. పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలొకటి మలుపు తిరిగి పోతుంది. బాడుగ కారు పక్కన నిలబడి గైడు టీ తాగుతున్నాడు. యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో టార్చిలైటు. మనల్ని చూడగానే గ్లాసు కింద పెట్టి, "రాండి, పొద్దెక్కక ముందే ఏటి ఒడ్డుకు పోవాల" అంటాడు.

ఆయన రోజుకు ఒక్క బృందాన్నే ఒప్పుకుంటాడు. నలుగురికి మించితే తన మాట అందరికీ అందదట. ఆయనకు ఇంకో బాధ కూడా ఉంది. గండికోటకు వచ్చినవాళ్ళు నేరుగా లోయ అంచుకు పరుగెత్తి, ఫోటో దిగి, వచ్చిన దారినే పోతారు. ఆ బాధ న్యాయమైనదే. పెన్న అక్కడ కొండను కోసిన తీరు అద్భుతం, కాదనేవాళ్ళు లేరు. కానీ ఆ లోయ ఒక ఊరికి కందకం. ఊరిని వదిలేసి కందకాన్ని చూసి రావడమేమిటి? అందుకే ఈరోజు లోయను చివరికి ఉంచుకుని, నది వెంట పోదాం.

ఊరు దాటగానే నల్లరేగడి. శనగ చేలమీద మంచు ఇంకా పట్టి ఉంది. పొలాల మధ్య అక్కడక్కడా నాపరాళ్ళ దొంతరలు, రాళ్ళు కోసే మిషన్ల షెడ్లు. దేశమంతా కడప బండలని పిలిచే రాయి ఇది. కారు అద్దం దించితే తడిమట్టి వాసనతో పాటు రాతిపొడి కూడా లోపలికి వస్తుంది. గైడు ఎడమచేతి వైపు, ఎర్రగుంట్ల దిక్కు చూపిస్తాడు. "కలమళ్ళ ఆ పక్కే. చెన్నకేశవస్వామి గుడి." అక్కడి రాతిమీదే రేనాటి చోళరాజు ధనుంజయుడి శాసనం. 575 నాటిది, దొరికిన తెలుగు శాసనాల్లో తొలిదిగా పండితులు చెప్పేది. ఈ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల నేలంతా ఆనాటి రేనాడే. రాజు మాటను రాతిమీద తెలుగులో చెక్కించాలన్న ఆలోచన ఈ చేలల్లో పుట్టిందంటే కారు ఆపి ఒక్క క్షణం దిగాలనిపిస్తుంది. కానీ కారు ఆగదు, మన దారి వేరు.

జమ్మలమడుగుకు ముందే మట్టిదారిలోకి తిరిగి దానవులపాడు చేరతాం. కారు దిగితే చప్పుడే లేదు. పెన్న ఇక్కడ ఇసుకగానే ఎక్కువ కనిపిస్తుంది. నీళ్ళు ఒక పాయగా ఆ పక్కన పోతున్నాయి. చెప్పులు విప్పితే ఇసుక పాదాలకు చల్లగా తగులుతుంది. గైడు ముందు నడిచి, ఒడ్డున ఇటుక, రాయి కలిసిన గోడల దగ్గర ఆగుతాడు.

"దానవుల పాడు అంటే రాక్షసులు ఉన్న చోటని చిన్నప్పుడు మమ్మల్ని ఈడికి రానిచ్చేటోళ్ళు కాదు. రాక్షసులు కాదన్నా, దిగంబర సాములు ఉండిన చోటు."

వెయ్యేళ్ళ కిందట ఇది జైన క్షేత్రం. నది ఇసుక మేట వేసి గుడిని పూర్తిగా కప్పేసింది. గత శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే తవ్వించేదాకా అలాగే ఉంది. ఆయన నివేదిక 1905-06 వార్షిక సంపుటంలో అచ్చయింది. కొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఉన్నచోటే మిగిలినవాటిని ఇప్పుడు చూస్తున్నాం. గర్భగుడిలోకి వంగి అడుగు పెడితే గబ్బిలాల వాసన ముక్కుకు కొడుతుంది. గైడు టార్చి వెలుతురును కిందినుంచి మెల్లగా పైకి జరుపుతాడు. ముందు పాదాలు, తర్వాత నిటారుగా కిందికి వేలాడే చేతులు, ఆపైన తల వెనక విప్పిన పాము పడగ. పార్శ్వనాథుడు. ఒంటిమీద నగ లేదు, బట్ట లేదు, ముఖంలో తొందర లేదు. పక్కవాళ్ళ ఊపిరి వినిపిస్తుంది.

బయటికి వచ్చి నీడన కూర్చున్నాక గైడు ఇద్దరి గురించి చెబుతాడు. ఒకరు రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు. నిత్యవర్షుడన్న బిరుదుతో ఈ చోటి శాసనంలో కనిపిస్తాడు. పదో శతాబ్దం తొలినాళ్ళవాడు. శాంతినాథుడి అభిషేకానికి ఇక్కడ రాతి పీఠం చేయించాడు. రెండోవాడు శ్రీవిజయుడు, దండనాయకుడు. కత్తితో పేరు తెచ్చుకున్న ఆ సేనాని చివరికి అన్నీ వదిలేసి, జైనుల పద్ధతిలో సన్యసించి ప్రాణం విడిచాడు. ఆ సంగతి కన్నడంలో స్తంభంమీద చెక్కారు. అలా నిరాహారంగా దేహం వదిలినవాళ్ళ గుర్తుకు నిలిపే రాళ్ళను నిషిధి శిలలంటారు. యుద్ధంలో చచ్చినవాడికి వీరగల్లు పెట్టడం ఈ సీమలో ఊరూరా ఉంది. యుద్ధం మానేసినవాడికి పెట్టిన రాయి అరుదు. నన్నడిగితే గండికోట ఫిరంగుల కథ వినేముందు ఈ శ్రీవిజయుడి దగ్గర కాసేపు కూర్చోవాలి.

జమ్మలమడుగులో ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు వేడివేడిగా, పుట్నాలపొడి వేసి, నిమ్మకాయ పిండి ఇస్తారు. తిన్నాక నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి దిక్కు దండం పెట్టుకుని పెన్న వంతెన దాటుతాం. పదిహేను కిలోమీటర్లు. చేలు తగ్గి ఎర్రమల కొండలు మొదలవుతాయి. మట్టి ఎర్రబడుతుంది, చెట్లు పొట్టిబడతాయి. ఉన్నట్టుండి దారికి అడ్డంగా గోడ. సున్నం అతుకు కనబడకుండా ఎర్రటి రాళ్ళు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి.

"దిగండి. కోటలోకి నడిచి పోవాల, కార్లో కాదు."

తలుపులమీద ఇనుప మేకులు. ఏనుగులు తలతో కుమ్మకుండా బిగించినవి. వేలితో తాకితే ఎండకు అప్పటికే కాలుతున్నాయి. దాటగానే దారి సూటిగా పోదు. గోడల మధ్య మలుపు తిరుగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. గైడు మనల్ని మలుపులో నిలబెట్టి తాను పక్క గోడమీదికి ఎక్కుతాడు. పైనుంచి ఆయన నీడ మన నెత్తిన పడుతుంది. లోపలికి తోసుకొచ్చిన శత్రువు ఎక్కడ చిక్కుకునేవాడో ఇక చెప్పక్కర్లేదు.

మలుపు దాటితే ఊరు. నిజంగా ఊరే. గడప ముందు ముగ్గు, కట్టేసిన మేకపిల్ల, అరుగుమీద చెనిక్కాయలు ఒలుస్తున్న అవ్వ. "ఎవురూర్నుంచి నాయనా?" అని అడుగుతుంది. కోటలో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఆ ఇళ్ళ వెనకే చార్మినారని పిలిచే చిన్న బురుజు. ఇంకాస్త పోతే జైలు. గాలికి చిన్న కంతలు తప్ప లోపలంతా చీకటి.

ఊరి పాత చరిత్ర రాసిపెట్టిన కైఫీయత్తు ప్రకారం 1123లో కాకరాజు ఇక్కడ తొలి కోట కట్టాడు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. కృష్ణదేవరాయల సేనలో పేరున్న పెమ్మసాని రామలింగనాయుడు ఈ వంశంవాడే. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టాడు. ఆ తర్వాత కడప నవాబులు, మైసూరు హైదర్, టిప్పు, 1791లో ఇంగ్లీషువాళ్ళు. వరస ఇంతే. రాజుల పేర్లకంటే ఈ ఊరు ఎలా బతికిందన్నది చూడదగ్గ సంగతి.

అది తెలియాలంటే ధాన్యాగారంలోకి రావాలి. బయట ఎండ పేలుతుంటే లోపల చల్లగా, పొడిగా ఉంది. పైన కమాను కప్పు. గైడు చప్పట్లు కొడితే ఆ చప్పుడు అటు చివరదాకా పోయి తిరిగివస్తుంది. "ఇది నిండితే ముట్టడి వేసినోడే ఆకలికి పోవాల" అంటాడు. పక్కనే రాయల చెరువు. గట్టుమీద నిలబడితే నీటి తడి గాలి ముఖానికి తగులుతుంది. మూడు వందల అడుగుల కింద నది ఉన్నా యుద్ధం రోజుల్లో అక్కడికి దిగి బిందె నింపుకోవడం అయ్యే పనా? చెరువు, ధాన్యం, మలుపుల వాకిలి, వెనక లోయ. ఈ నాలుగూ కలిస్తేనే గండికోట.

చెరువుకూ ధాన్యాగారానికీ ఆనుకునే జామియా మసీదు. నడవా కమానుల కింద వరసగా చిన్న గదులు. జంట మినార్ల మధ్యనుంచి చూస్తే దూరంగా మాధవరాయస్వామి గోపురం. మసీదు వాకిట్లో సున్నపు గోడకు ఆనుకుని కూర్చోబెట్టి గైడు టావెర్నియే కథ ఎత్తుకుంటాడు.

ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే 1652లో మీర్ జుమ్లాకు సరుకు చూపించడానికి గండికోటకు వచ్చాడు. కర్ణాటక రాజ్యంలో ఇంత గట్టి పట్టణాలు కొన్నే ఉంటాయని రాసుకున్నాడు. పైకి ఒకే దారి, అదీ కొన్నిచోట్ల మరీ ఇరుకు. మీర్ జుమ్లా కచేరీ చేసే తీరు కూడా రాశాడు. చెప్పులు లేకుండా కూర్చుని, కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు. ఒక్కొక్కటే లాగుతూ ఇద్దరు రాయసగాళ్ళకు జవాబులు చెబుతుంటాడు. గైడు తన కాలివేళ్ళు చాపి సందుల్లో ఎండుటాకులు పెట్టి చూపిస్తాడు. మూడున్నర శతాబ్దాల కిందటి సేనాని మన ఎదుటే కూర్చున్నాడు.

టావెర్నియే యాత్రల పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. మీర్ జుమ్లా ఫిరంగులు పోయించాలనుకున్నాడు. మాయే అనే ఫ్రెంచివాణ్ణి పనిలో పెట్టి, గుళ్ళలోని రాగి విగ్రహాలను కరిగించమన్నాడు. కొలిమి వెలిగింది. ఎన్నో విగ్రహాలు కరిగాయి. ఒక గుడికి చెందిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంత నిప్పు పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా అనుమానం. చివరికి మాయే ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా పోయలేకపోయాడు. ఒకటి పగిలింది, ఇంకొకటి సగంలో ఆగింది. పోయినవి మాత్రం దేవుళ్ళే.

మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి. తిన్నాక మాధవరాయస్వామి గుడి. గోపురం కింద రాతిద్వారం ఎంత ఎత్తంటే తల ఎత్తితే మెడ పట్టేస్తుంది. మండపం స్తంభాలమీద నాట్యగత్తెలు, గుర్రాలు, ఆకుతీగలు. ఎండ స్తంభాల మధ్యనుంచి పట్టీలుగా పడుతోంది. గర్భగుడి ఖాళీ. పీఠం ఉన్నచోట చేత్తో తడిమి చూస్తే చల్లటి రాయి తప్ప ఇంకేమీ లేదు. రంగనాథుడి గుడి కూడా అంతే. దేవుడు లేని గుళ్ళో కూడా మనవాళ్ళు గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారు.

నాలుగు దాటాక గైడు, "ఇంక లోయకు పోదాం" అంటాడు. దారి లేదు, బండలే. ఒకదానిమీదినుంచి ఇంకోదానిమీదికి చూసుకుని అడుగు వేయాలి. గాలి ముందు తెలుస్తుంది, తర్వాత ఖాళీ. కాళ్ళ ముందు నేల తెగిపోయింది. మూడు వందల అడుగుల లోతున పెన్న, పచ్చగా, కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా. ఎదుటి గోడ నిండా పొద్దున దారి పక్కన చూసిన నాపరాళ్ళ దొంతరల్లాగే అడ్డంగా పేర్చిన ఎర్రబండలు. ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. గద్ద ఒకటి మనకంటే కిందుగా తిరుగుతోంది. దాని వీపు కనిపిస్తోంది.

పొద్దున్నుంచీ ఊరు చూసి వచ్చాం కాబట్టి ఈ లోయ ఇప్పుడు వేరేగా కనిపిస్తుంది. ఈ పక్క గోడ కట్టే పని లేకుండా పోయింది కాకరాజుకు. నది ముందే కట్టిపెట్టింది.

అంచున యువకులు కాళ్ళు వేలాడేసి ఫోటోలు తీసుకుంటున్నారు. గైడు మొహం మారిపోతుంది. "ఏయ్ అబ్బాయా, ఎనక్కి రా! ఆ రాయి ఊగుతాది!" అని గట్టిగా అరుస్తాడు. వాళ్ళు లేచి వెనక్కి జరిగేదాకా అక్కడే నిలబడి చూస్తాడు. ఇక్కడ కంచె లేని చోట్లే ఎక్కువ. బండ జారితే ఆగే చోటు లేదు. రెండడుగులు వెనక కూర్చున్నా లోయ అంతే అందంగా కనిపిస్తుంది.

దిగువన నీళ్ళు మైలవరం జలాశయానివి. ఎగువన గండికోట జలాశయం, 26.85 టీఎంసీలకు కట్టినది. అది నిండడానికి తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2020లో నీళ్ళు ఇళ్ళలోకి వస్తుంటే జనం సామాన్లు ఎత్తుకుని పోయారు. గైడు ఆ దిక్కు చెయ్యి చూపిస్తాడు. "మా మేనత్తోళ్ళ ఇల్లు ఆడ ఉండె. దూలాలు, తలుపులు పీక్కోని వచ్చినారు. గోడలు నీళ్ళలోనే ఉండాయి." ఈ నీళ్ళు చీనీ తోటలకు, చేలకు కావాలి, ఆ మాట ఆయనే అంటాడు. ఆ వెంటనే, అత్తోళ్ళ వీధిలో ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లో వరసగా చెప్పుకొస్తాడు. వేపచెట్టు, రచ్చబండ, బడి. దానవులపాడు గురించి, ధాన్యాగారం గురించి ఎలా చెప్పాడో అదే తీరు. ఈ మనిషిని వెంటబెట్టుకుని రాకపోతే ఆ నీళ్ళు మనకు వట్టి నీళ్ళే.

తిరుగుదారిలో కారు దీపాలు వేశాక, వెనక సీట్లోంచి ఎవరో అడుగుతారు: "మరి ఆ గుళ్ళో దేవుడు ఏమయ్యాడు? ఫిరంగిలో కలిసిపోయాడా?"

గైడు వెనక్కి తిరిగి కూర్చుంటాడు. "మాధవరాయుణ్ణి ముందే తప్పిచ్చినారని పెద్దోళ్ళు చెప్తారు. మైదుకూరు గుళ్ళో పూజ జరిగే సామి ఆయనేనంట. ప్రొద్దుటూరు నుంచి ఎంతో దూరం లేదు. రేపు పొద్దున ఆరుకు గుడి తెరుస్తారేమో పూజారికి ఫోన్ చేసి కనుక్కుంటా, వస్తారా?"

డ్రైవరు అప్పుడే బాడుగ ఎంతవుతుందో లెక్క మొదలుపెట్టాడు.